ఖాళీ బరువు

న్కోబ్ సంతలో, జీలకర్ర తూచే కాటా మీద
నేను సీసాలు తూచాను.
బస్సూ మామ విసుక్కోలేదు.
"ముప్పై ఏళ్ల అంగట్లో
ఖాళీని తూకం వేయించుకున్న బేరం
నువ్వొక్కదానివే తిలిలా" అన్నాడు.

రేపు తెల్లారితే సఘ్రో కొండల మీదికి
దారి చూపేదానిగా నా మొదటి నడక.
వెనకాల నలుగురు.
కంచరగాడిదకు కాలు బెణికింది, మోత మాదే.
మధ్యలో రెండు పగళ్లు బావి లేదు.
ఊట ఒకటి ఉందంటారు గానీ
మేకలు కూడా ఆ మాట నమ్మవు.

లీటరు నీళ్లు కిలో.
అందులో బేరమాడిన మొనగాడు ఇంకా పుట్టలేదు.
తగ్గితే గిగ్గితే
దాని చుట్టూ ఉన్నదే తగ్గాలి.

స్టీలు సీసా పెళ్లికొడుకులా నిలబడింది
నాలుగు వందల గ్రాములు.
మిట్టమధ్యాహ్నం కూడా నీళ్లు చల్లగా ఉంచుతుందట.
నీళ్లు పోయకముందే నా భుజం మూలిగింది.

వెడల్పు మూతిది, గట్టి ప్లాస్టిక్‌ది,
బండ మీద పడేసినా ఎగిరి నవ్వుతుంది.
నడుస్తూ తాగితే మాత్రం
సగం నాకు, సగం నా చొక్కాకు.

మడతపెట్టే సంచి.
ముప్పై ఆరు గ్రాములు, రెండు లీటర్లు,
తాగేశాక జేబురుమాలు!
దాని మీద మనసు పడ్డాను.
అంత తొందరగా పడ్డందుకు కాస్త భయం కూడా వేసింది.

అంగడి మూలలో ఎవరో షోడా తాగి పారేసినవి మూడు,
లీటరున్నరవి.
కాటా ముల్లు మొహమాటానికి కదిలింది.
"వాటికి డబ్బులా?" మామ చేయి విదిల్చాడు,
"చెత్తకు వెల కట్టడం మా నాన్న నేర్పలేదు."

సాయంత్రం ఇత్తో అవ్వ ముందు అన్నీ పరిచాను.
ఒకప్పుడు మందల వెంట తిరిగిన మనిషి,
మేకతోలు తిత్తి వీపున కట్టుకుని.
ఆ నీళ్లకు తారు వాసన,
ఇప్పటికీ మా కుళాయి నీళ్లు చప్పనంటుంది.
స్టీలుదాన్ని చూడనైనా చూడలేదు.
మూతలు మాత్రం ఒక్కొక్కటీ
తిప్పింది, బిగించింది, మళ్లీ తిప్పింది.
"కడుపు తర్వాత. ముందు నోరు మూయడం వచ్చా?"

సంచి నిండా నీళ్లు పోసి
రాత్రి దాన్నే తలగడ చేసుకుంది.

పొద్దున ఆమె తలగుడ్డ ఒక పక్క తడి.
అతుకు మూలలో, సూదిమొనంత.
"చూశావా, ఇంట్లోనే ఏడ్చింది పాపం.
కొండ మీద ఏడ్చేది కాదు మనకు కావలసింది."
పారేయబోతే చేయి పట్టుకుంది.
తిత్తి ముల్లుకు చిరిగిన ఏడు
రంధ్రంలో గులకరాయి దూర్చి, పైన దారం బిగించి
నాలుగు రోజులు నడిచారట. ఆమె అక్క
అప్పుడు నిండుచూలాలు.
ఆ తర్వాతేమైందో చెప్పలేదు, నేనడగలేదు.
సంచి మూల మడిచి మేకవెంట్రుకల తాడుతో
ముడి వేసింది. ఇంకో మూర తాడు
షోడా సీసా మెడకు చుట్టింది.
"అన్నీ ఒకే కడుపులో పోయకు."

రెండో రోజు, ఎండ నడినెత్తిన,
వెనకాల వస్తున్న తోఫ్తే అనే డెన్మార్క్ పిల్ల
స్టీలు సీసా లోయలో జారవిడిచింది.
చాలాసేపు గంటలా మోగుతూ పోయింది.
మేం నిలబడి ఆ చప్పుడు అయిపోయేదాకా విన్నాం.
నా షోడా సీసా ఒకటి ఇచ్చాను.
రెండు చేతులతో పట్టుకుంది,
పసిబిడ్డనిచ్చినట్టు.

ఊట నిజంగానే ఉంది.
అరచేయంత మడుగు, పైన తూనీగ.
ముందే వచ్చిన మేకపిల్ల ఒకటి
మోకాళ్ల మీద వాలి తాగుతోంది.
ఖాళీ సీసాలు చేతుల్లో పట్టుకుని
ఐదుగురం
వరసలో నిలబడ్డాం.